మీ చేతికొచ్చిన చీరను సర్కారు ఎట్ల కొంటది?
(టెండర్లు, కొటేషన్లు, బిల్లుల మీద మహిళా సంఘాల సభ్యులకు పాఠం – బుగ్గారం మండలం)



చీర పంపిణీ రోజు ఏ ఊళ్లో చూసినా ఒకటే తీరు. చీర చేతికి రాగానే మడత విప్పుతారు, కొంగు చూస్తారు, అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తారు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు వస్తాయి. ఎవరు నేసిండ్రు? ఎంతకు కొన్నరు? ఇంతకన్న మంచిది రాకపాయెనా?

ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు కాగితాల మీద ఉంటాయి. ఆ కాగితాలు రహస్యం కాదు. అయితే ఏ కాగితం ఏమిటో, ఏది ముందు ఏది తర్వాతో తెలియకపోతే అడగడం కష్టం. అందుకే ఈ పాఠం. ఇంకో కారణం కూడా ఉంది. బడి పిల్లల యూనిఫాం కుట్టడం, బడిలో చిన్నచిన్న మరమ్మతులు, వడ్ల కొనుగోలు కేంద్రాలు ఇప్పుడు సంఘాల చేతుల్లో ఉన్నాయి. అంటే మీరు లబ్ధిదారులే కాదు, సర్కారు పని చేసిపెట్టేవాళ్లు కూడా. చదవడం రాని సభ్యులకు సంఘం మీటింగులో చదివి వినిపించండి.

2017లో ఏం జరిగింది?

బతుకమ్మ చీరల పథకం 2017లో మొదలైంది. సుమారు కోటి 4 లక్షల మంది మహిళలకు చీరలు, ఖర్చు 222 కోట్లు అని అప్పట్లో ప్రకటించారు. లెక్క వేస్తే ఒక్క చీరకు సగటున రెండు వందల పైచిలుకు.

పండుగ తేదీ మారదు. సిరిసిల్లలో సుమారు 30 వేల సాంచాలు ఉన్నాయన్నది నిజమే, కానీ ఉన్న గడువులో అవి కోటి చీరలు నేయలేవు. అందుకని సగం వరకు సిరిసిల్లలో నేయించి, మిగతావి టెండరు పిలిచి సూరత్ నుంచి తెప్పించారు. చీరలు వచ్చాక గొడవ అయింది. చేనేత చీరలు వస్తాయని జనం అనుకున్నారు, వచ్చినవి పాలిస్టర్. కొన్ని ఊళ్లలో మహిళలు చీరలను రోడ్డు మీద వేసి కాల్చారు కూడా. టైం సరిపోలేదు కాబట్టి బయట నుంచి కొన్నామని ప్రభుత్వం చెప్పింది.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఆ చీరలు టెండరులో పద్ధతి ప్రకారం కొన్నవే. టెండరు పిలిచినా జనానికి నచ్చని సరుకు రావచ్చు. ఎందుకంటే టెండరు ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తుంది: మేము అడిగిన సరుకును అందరికన్నా తక్కువకు ఎవరిస్తారు? ఏ సరుకు అడగాలన్నది టెండరుకు ముందే, ఆఫీసులో, కాగితం మీద తేలిపోతుంది. ఆ కాగితంలో రెండు వందల పాలిస్టర్ చీర అని ఉంటే, ఎంత నిజాయితీగా టెండరు నడిపినా వచ్చేది రెండు వందల పాలిస్టర్ చీరే. పట్టుచీర రాదు.

టెండరు నడిచే తీరు

ఆఫీసు మొదట ఏం కావాలో రాసుకుంటుంది. దీన్నే స్పెసిఫికేషన్ అంటారు. చీరకైతే పొడవు, వెడల్పు, జాకెట్ గుడ్డ ఉందా లేదా, దారం ఏ రకం, అంగుళానికి ఎన్ని పోగులు, ఉతికితే రంగు పోకూడదు, ఇలాంటివన్నీ. గోచి పెట్టుకునే పెద్దమ్మలకు పొడుగు చీరలు కావాలంటే అది కూడా ఇక్కడే రాయాలి. ఇక్కడ మరిచిపోతే తర్వాత ఎవరూ తెచ్చివ్వరు.

తర్వాత ఎంత ఖర్చవుతుందో అంచనా వేస్తారు. అంచనా విలువకు పైఅధికారి మంజూరు ఉండాలి. అప్పుడు టెండరు నోటీసు. పెద్ద టెండర్లకు మామూలుగా మూడు వారాలు గడువిస్తారు. కేంద్ర ప్రభుత్వం కొనుగోళ్లకు 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో కూడా ఇదే లెక్క ఉంది. పండుగ దగ్గర పడ్డాక టెండరు పిలిస్తే ఈ మూడు వారాలు కూడా నేసే టైంలోంచే పోతాయి.

టెండరు వేసేవాళ్లు కొంత సొమ్ము ధరావతు కట్టాలి. ఈఎండీ అంటారు. కేంద్రం నిబంధనల్లో ఇది అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. టెండరు దక్కనివాళ్లకు ఈఎండీ వాపసు వస్తుంది. దక్కించుకొని, తీరా పని చేయనని వెనక్కిపోతే ఆ సొమ్ము పోతుంది. వట్టిగా ఆట పట్టించేవాళ్లను దూరం పెట్టడానికే ఇది.

చాలామంది వైన్ షాపుల దరఖాస్తును కూడా టెండరు అంటుంటారు. అది టెండరు కాదు, లక్కీ డ్రా. అక్కడ కట్టేది ధరావతు కాదు, ఫీజు. 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, 2025లో 3 లక్షలు. షాపు రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. అక్కడ తక్కువ ధర, ఎక్కువ ధర అన్న మాటే లేదు, చీటీ ఎవరి పేరు మీద వస్తే వాళ్లకే.

అసలు టెండరుకు వద్దాం. ఇందులో రెండు కవర్లు ఉంటాయి. మొదటిది టెక్నికల్ బిడ్. అందులో ఆ సంస్థకు జీఎస్టీ ఉందా, ఇంతకుముందు ఇలాంటి పని చేసిందా, శాంపిల్ అడిగిన తీరుగా ఉందా అన్నవి చూస్తారు. ఇందులో నెగ్గినవాళ్ల రెండో కవరు మాత్రమే, అంటే ధర రాసిన ప్రైస్ బిడ్, తెరుస్తారు. వాళ్లలో అందరికన్నా తక్కువ ధర వేసినవాళ్లను ఎల్-1 అంటారు. ఎల్-1తో అగ్రిమెంటు రాసుకొని, ఇంకో పూచీ సొమ్ము కట్టించుకొని, ఆర్డరు ఇస్తారు.

ఈ కవర్లు ఇప్పుడు కంప్యూటర్లో ఉంటాయి. పాత రోజుల్లో ఆఫీసు ముందు టెండరు పెట్టె పెట్టేవారు. గుత్తేదార్లు రింగై, కొత్తవాడు వస్తే పెట్టె దాకా పోనిచ్చేవాళ్లు కాదు. కర్రలు పట్టుకొని నిలబడ్డ కథలు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. దాంతో టెండరును ఎక్కడ కూర్చొనైనా వేయొచ్చు, పెట్టె దగ్గర కాపలా కాసే పని పోయింది. రింగు పోయిందా అంటే, పూర్తిగా పోయిందని నేను అనను. కర్రలు పోయాయి, ఫోన్లు వచ్చాయి. ముగ్గురు మాట్లాడుకొని ఒకడు తక్కువ, ఇద్దరు ఎక్కువ వేయడం ఇప్పటికీ జరగొచ్చు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం అది నేరుగా నిషేధం.

రోడ్లు, బిల్డింగుల పనుల్లో మాటలు కొంచెం వేరే. అక్కడ ధర బదులు శాతం చెప్తారు. అంచనా కన్నా తక్కువకు వేస్తే లెస్, ఎక్కువకు వేస్తే ఎక్సెస్. 2003లోనే వచ్చిన జీవో 94 ప్రకారం 5 శాతం కన్నా ఎక్కువ ఎక్సెస్‌ను ఒప్పుకోరు. 25 శాతం కన్నా ఎక్కువ లెస్‌కు వేసినవాళ్లు ఆ తేడా సొమ్మును ముందే డిపాజిట్ చేయాలి. మీ వాడలో సీసీ రోడ్డును ఎవరో చాలా లెస్‌కు తీసుకున్నారని వింటే సంబరపడకండి. ఆ తగ్గించింది సిమెంటులోంచి పోతుందా, లాభంలోంచి పోతుందా అన్నది రోడ్డు వేసే రోజు చూడాలె.

అందరికన్నా తక్కువ అంటే ఏది?

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది లెక్క కోసం ఊహించి రాసింది. మీ గ్రామ సమాఖ్య యూనిఫాం కుట్టడానికి 10 కుట్టుమిషన్లు కొనాలనుకుంది. ఇంత చిన్న కొనుగోలుకు పెద్ద టెండరు ఉండదు, మూడు షాపుల నుంచి కొటేషన్లు తీసుకుంటారు. సమాఖ్య తీర్మానంలో ఇట్ల రాసుకున్నారు: కాలితో తొక్కేది, మోటరుతో సహా, ఒక ఏడాది గ్యారంటీ, బుగ్గారంలో దించి బిగించి ఇవ్వాలి.

మొదటి షాపు మిషనుకు 9,200 రాసింది. కింద చిన్న అక్షరాలతో, మోటరు 1,400 వేరే, కిరాయి మిషనుకు 150 వేరే అని ఉంది. రెండో షాపు 9,800 రాసింది, మోటరు, కిరాయి, బిగింపు అన్నీ అందులోనే, ఏడాది గ్యారంటీ. మూడో షాపు 8,900 రాసింది, అన్నీ కలిపే. కానీ గ్యారంటీ లేదు.

పైపైన చూస్తే మూడో షాపు తక్కువ. కానీ గ్యారంటీ కావాలని మీరు అడిగారు, వాళ్లు ఇవ్వట్లేదు. అడిగింది ఇవ్వని కొటేషను లెక్కలోకి రాదు, పక్కన పెట్టాలి. మొదటి షాపుకు అన్నీ కూడితే 9,200 + 1,400 + 150 = 10,750. రెండో షాపుది 9,800. కాబట్టి ఎల్-1 రెండో షాపు, మొత్తం 98,000.

ఈ లెక్కను ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి రాయండి. ఆఫీసుల్లో దీన్ని కంపారిటివ్ స్టేట్‌మెంటు అంటారు. మూడో షాపును ఎందుకు తీసేశారో కూడా ఒక్క వాక్యం రాయాలి. ఆరు నెలల తర్వాత ఎవరైనా వచ్చి 8,900కు వచ్చేదాన్ని 9,800కు ఎందుకు కొన్నరని అడిగితే, మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

మరి సిరిసిల్లకు టెండరు లేకుండా ఎట్ల ఇచ్చారు?

2018 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకే ఇచ్చారు. 2022 నాటికి ఖర్చు దాదాపు 340 కోట్లకు చేరింది. చీర ఖరీదు సగటున మూడు వందల అటూ ఇటూ అయింది. సూరత్‌లో ఇంతకన్నా తక్కువకు దొరకొచ్చు కదా అని మీరు అడగొచ్చు. దొరకొచ్చు.

అయినా ఇక్కడే ఇచ్చారంటే, ప్రభుత్వం ఒక్క చీర కోసమే డబ్బు పెట్టలేదు. సిరిసిల్ల సంగతి మనకు కొత్త కాదు. జగిత్యాల మీదుగా వేములవాడ దాటితే సిరిసిల్లే, మన ఊళ్ల నుంచి సాంచాల మీదికి పనికి పోయినవాళ్లు ఉన్నారు. పని లేక, అప్పులై, నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న రోజులు ఆ ఊరు చూసింది. ఆర్డరు ఉంటే ఏడాదిలో కొన్ని నెలలు ఖాయంగా పని ఉంటుంది. ఇట్లాంటప్పుడు ప్రభుత్వం ధర పోటీ పెట్టకుండా, ఒక ధర తనే ఖరారు చేసి, ఫలానా వాళ్ల దగ్గరే కొనాలని నిర్ణయించవచ్చు. చేనేత సహకార సంస్థ టెస్కో ద్వారా ఆ ఆర్డరు నడుస్తుంది. టెస్కో ఆ ఆర్డరును సిరిసిల్లలోని మ్యాక్స్ సంఘాలకు, చిన్న పరిశ్రమలకు పంచుతుంది. అక్కడ యజమాని ఉంటాడు, యజమాని కింద ఆసామి, ఆసామి కింద సాంచె నడిపే కార్మికుడు. మీరు కట్టుకున్న చీర ఈ మూడు మెట్లు దాటి వచ్చిందే.

ఇది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నా మట్టుకు నేను, పోటీ తీసేసిన చోట తనిఖీ రెట్టింపు కావాలంటాను. టెండరులో పోటీదారులే ఒకరి తప్పు ఒకరు పట్టిస్తారు. ఇచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు చెప్పేవాడు ఉండడు, కొలత పట్టి చూసేది సర్కారు మనిషే. ఆ తర్వాత చూసేది మీరే.

బిల్లు రానంతవరకు పని పూర్తి కాలేదు

కాంట్రాక్టు అంటే ఆర్డరు ఒక్కటే కాదు. సరుకు అందుకోవడం, కొలవడం, బిల్లు పెట్టడం, డబ్బు ఇవ్వడం, ఇవన్నీ కలిస్తేనే కాంట్రాక్టు. ఇందులో చివరి మెట్టు తప్పితే ఏమవుతుందో 2024 జనవరిలో చూశాం. బతుకమ్మ చీరల పాత బిల్లులు రెండు వందల కోట్లకు పైగా ఆగిపోయాయి, కొత్త ఆర్డర్లు లేవు. సంక్రాంతి రోజుల్లో సిరిసిల్లలో సాంచాలు బంద్ పెట్టారు. యజమానికి బిల్లు రాలేదు, ఆసామికి యజమాని ఇవ్వలేదు, కార్మికుడికి ఆసామి ఇవ్వలేదు. పండుగకు ఇంటికి బియ్యం కొనడానికి చూసుకోవాల్సి వచ్చింది కార్మికుడికే. ఆర్డరు ఇచ్చేటప్పుడు పెద్ద ఆఫీసు నుంచి చిన్న ఇంటికి వచ్చే డబ్బు, ఆగినప్పుడు కూడా అదే దారిలో ఆగుతుంది.

బతుకమ్మ చీరల పథకం ఆ తర్వాత ఆగింది. దాని స్థానంలో ఇందిరా మహిళా శక్తి చీరలు వచ్చాయి. ఈ ఆర్డరు కూడా సిరిసిల్లకే దక్కింది. 2025 నవంబరు 19న, ఇందిరాగాంధీ జయంతి రోజున, పంపిణీ మొదలైంది. నూలు కోసం చిన్న ఆసాములు షావుకార్ల మీద ఆధారపడకుండా వేములవాడలో 50 కోట్లతో నూలు డిపో పెట్టారు. నూలు ఎక్కడి నుంచి వస్తుందన్నది చీర నాణ్యతకు సంబంధించిన విషయమే. నేసేవాడికి మంచి నూలు చేతికందకపోతే స్పెసిఫికేషన్‌లో ఎంత బాగా రాసినా కాగితం మీదే ఉంటుంది.

ఇప్పుడు మీ వంతు: యూనిఫాం, బడి పనులు

బడి పిల్లల యూనిఫాం గుడ్డ ఆఫీసు నుంచి వస్తుంది, కుట్టు సంఘాలది. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలిని 2024లో 75కు పెంచారు. ఇది మీకు ధర పోటీ లేకుండా ఇచ్చిన పని. సిరిసిల్లకు ఇచ్చినట్టే. కాబట్టి పైన చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది.

గుడ్డ తాను వచ్చిన రోజే కొలవండి. రసీదులో 200 మీటర్లు అని ఉంటుంది, తాను విప్పితే 188 మీటర్లు తేలిందనుకోండి. "మనవాళ్లే గద, తర్వాత చూసుకుందాం" అని 200కు సంతకం పెడితే, ఆ 12 మీటర్లు మీ సంఘం లెక్కలో పడతాయి. కుట్టిన తర్వాత జతలు తగ్గితే సమాధానం చెప్పాల్సింది మీరే. రసీదు మీద "188 మీటర్లు మాత్రమే అందినవి" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి. తెచ్చినవాళ్లు తొందరపెడతారు, ఆటో కిరాయి అయితుందంటారు. ఆటోను ఒక అరగంట నిలబెట్టండి.

కొలతలు తీసుకునేటప్పుడు పిల్లల పేరు, తరగతి, ఛాతీ, నడుము, పొడవు రాసిన జాబితా మీద హెడ్‌మాస్టర్ సంతకం తీసుకోండి. జతలు అప్పగించేటప్పుడు అదే జాబితా మీద అందినట్టు సంతకం. ఈ రెండు సంతకాలుంటే మీ బిల్లును ఆపడానికి సాకు ఉండదు. బిల్లు ఇచ్చిన తేదీ వేసిన నకలు సంఘం పుస్తకంలో పెట్టుకోండి.

అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు 2024లో వచ్చాయి. కమిటీకి గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్. తాగునీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న రిపేర్లు ఈ కమిటీ చేయించాలి. కమిటీ అధ్యక్షురాలు అంటే బడికి పోయి కుర్చీలో కూర్చొని వచ్చే పదవి కాదు. చెక్కు మీద మీ సంతకం ఉంటే, ఆ పని మీదే. నల్లా బిగించకముందే "అమ్మా, ఇక్కడ ఒక సంతకం" అంటే, ముందు నల్లా తిప్పి చూసి, నీళ్లు వస్తే పెట్టండి. ఇంజనీరు కొలిచి ఎంబీ పుస్తకంలో రాసిన తర్వాతే బిల్లు. మీరు ఆ కొలతల రోజు అక్కడ ఉండాలె, పొలం పని ఉన్నా సరే.

ఎక్కడ తేడా వస్తది?

మూడు కొటేషన్లు అడిగితే మూడూ ఒకే చేతిరాతలో ఉంటాయి. లేదా మూడింట్లోనూ ఒకే అక్షర దోషం ఉంటుంది. ఒకే షాపాయన తనదొకటి, మిగతా రెండు తన చుట్టాలవి తెచ్చి ఇచ్చాడన్నమాట. ఈ పని సంఘాల్లోనూ జరుగుతుంది, మొహమాటం వల్ల. మూడు షాపులకు మనమే వెళ్లి, మనమే కాగితం తీసుకురావడం ఒక్కటే దీనికి మందు. బస్సు ఛార్జీలు సమాఖ్య ఖర్చులో రాయండి, అది తప్పేం కాదు.

ఇంకోటి, పనిని ముక్కలు చేయడం. నామినేషన్ మీద ఇవ్వగల పరిమితి ఒకటుంటుంది. దాన్ని దాటితే టెండరు పిలవాలి. పరిమితి దాటకుండా ఒకే మోరీని మూడు పనులుగా రాసి, ముగ్గురు పేర్ల మీద ఇచ్చి, నిజానికి ఒక్కడే కట్టడం పాత అలవాటు. పనుల జాబితా చదివేటప్పుడు "ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు" అని మూడు లైన్లు వరసగా కనిపిస్తే, ఆ ఇళ్లు మీకు తెలుసు కాబట్టి, అది ఒకే మోరీ అని మీకే ముందు తెలుస్తుంది. హైదరాబాదులో కూర్చొని చూసే ఆడిటర్‌కు తెలియదు.

స్పెసిఫికేషన్‌ను ఒకే కంపెనీకి సరిపోయేలా రాయడం కూడా ఉంది. అది పట్టుకోవడం మనకు కష్టం, పోటీలో ఉన్న కంపెనీలు పట్టుకుంటాయి.

అడగడం ఎట్ల?

తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో నడుస్తున్న టెండర్ల నోటీసులు ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఫోన్లో తీసి చూపించమనండి.

కాగితాల నకళ్లు కావాలంటే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. గ్రామ పంచాయతీకి దరఖాస్తు ఇస్తే ఫీజు లేదు. మండల ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా, రాష్ట్ర ఆఫీసులకు 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆధారం జతచేస్తే ఈ ఫీజు కూడా లేదు. 2016 దసరాకు ముందు మనం ధర్మపురి మండలంలో ఉన్నాం. ఇప్పుడు మండల ఆఫీసు బుగ్గారంలోనే ఉంది, పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికి రావొచ్చు.

"చీరలు ఎందుకు బాగలేవు" అని దరఖాస్తులో రాయకండి. అది ప్రశ్న, దానికి జవాబు ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకు లేదు. కాగితం పేరు రాయండి. ఈ కింది నమూనా మీ పనికి తగ్గట్టు మార్చుకోండి:

"పౌర సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6 ప్రకారం కింది కాగితాల నకళ్లు ఇవ్వగలరు. 1. మా గ్రామ ప్రాథమిక పాఠశాలలో మరుగుదొడ్ల మరమ్మతు పనికి మంజూరైన అంచనా. 2. వచ్చిన కొటేషన్లు, కంపారిటివ్ స్టేట్‌మెంటు. 3. పని అప్పగించిన ఉత్తర్వు. 4. కొలతల పుస్తకంలో ఈ పనికి సంబంధించిన పేజీలు. 5. చెల్లించిన బిల్లు."

జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే, లేదా సగం ఇస్తే, అదే ఆఫీసులో పైఅధికారికి మొదటి అప్పీలు ఇవ్వాలి. దానికి మళ్లీ 30 రోజుల గడువు ఉంటుంది, మరిచిపోకండి. "ఇది కాంట్రాక్టర్ వ్యాపార రహస్యం" అని ఎప్పుడైనా అంటారు. చట్టంలో వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఉన్నది నిజమే. కానీ సర్కారు సొమ్ముతో ఎంతకు కొన్నరు, ఎంత బిల్లు ఇచ్చిండ్రు అన్నది రహస్యం ఎట్లైతదని అప్పీలులో అడగండి.

ఒక్కరు వేస్తే భయం అనిపిస్తే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. దరఖాస్తు మాత్రం ఒక్కరి పేరు మీద ఇవ్వండి, సంఘం పేరు మీద ఇస్తే పౌరులకే హక్కు అని కొందరు వెనక్కి పంపుతారు. ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముప్పై రోజుల లెక్క ఆ ముద్ర మీది తేదీ నుంచే మొదలవుతుంది.